నడుము లేని గౌను కోసం సన్నీవేల్ నుంచి లాస్ ఏంజిలిస్ దాకా

ఈ ప్రయాణానికి మూలం ఒక ఫొటో. స్పెయిన్ రాజకుటుంబంలో ఎవరిదో పెళ్ళి. పెళ్ళికూతురు ఎవరి కూతురో, రాజుగారికి ఏమవుతుందో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆమె గౌను. తెలుపే గానీ లేసు లేదు, వెనక నేల మీద ఈడ్చే తోక లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా నడుము లేదు. భుజాల మీంచి పాదాల దాకా తిన్నగా జారిన గుడ్డ, మెడ చుట్టూ చిన్న కాలరు, రెండు పక్కలా జేబులు. చర్చి మెట్ల మీద ఆ పిల్ల రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, సంతలో కూరగాయలు కొనడానికి వచ్చినంత తీరిగ్గా నవ్వుతూ నిలబడింది. ఇంటర్నెట్ నిండా జనం ఆ గౌనుని ఏకిపారేశారు. మా సాహితి మాత్రం ఆ ఫొటో నాకు పంపి కింద ఒకే ముక్క రాసింది. "పిన్నీ, నాకు ఇది కావాలి."

సాహితి మా అక్క వసుధ కూతురు. సన్నీవేల్‌లో పుట్టింది, శాంటా క్లారాలో ఉద్యోగం, ఇరవై తొమ్మిదేళ్ళు. ఉదయం గుళ్ళో మన పద్ధతిలో పెళ్ళి, సాయంత్రం ఒక తోటలో పెళ్ళికొడుకు డేనియల్ వాళ్ళ పద్ధతిలో ఇంకో పెళ్ళి. గౌను ఆ సాయంత్రానికి. పిల్ల బొద్దుగా ఉంటుంది. పన్నెండో ఏట మా ఊరు తెనాలి వచ్చినప్పటి నుంచి కనబడిన ప్రతి ఒక్కరూ ఆ సంగతి దానికి కొత్తగా చెబుతున్నట్టు చెబుతూనే ఉన్నారు. ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడగానే మొదలుపెట్టారు. గోనెసంచి అని ఒకావిడ, హాస్పిటల్ గౌను అని ఇంకొకాయన, "ఒళ్ళు దాచుకోవడానికి మంచి ఐడియా" అని నవ్వు బొమ్మలతో మూడో మనిషి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళికి పిలవకముందే పెళ్ళికూతురి ఒంటి గురించి మాట్లాడే హక్కు మీకెవరిచ్చారని వరసపెట్టి ఒక్కొక్కరికీ పేరు పేరునా జవాబు రాశాను. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. సాహితి నాకు ఫోన్ చేసి, "థాంక్స్ పిన్నీ. యూ ఆర్ ది ఓన్లీ వన్," అంది. ఆ మాట చాలా రోజులు నా చెవుల్లో తియ్యగా మోగింది.

నేను డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ముప్ఫై ఏళ్ళ అనుభవం. గౌను కూడా నేనే కుడతానన్నాను గానీ సాహితి మెల్లగా, "నువ్వు మార్నింగ్ శారీకి బ్లౌజ్ చెయ్యి పిన్నీ," అని తప్పించుకుంది. దాని ఆఫీసులో ఎవరో లాస్ ఏంజిలిస్‌లో ఎల్వీరా అనే ఆవిడ గురించి చెప్పారు. బే ఏరియాలో పెళ్ళి గౌన్ల దుకాణాలు ఆరు నెలలు, తొమ్మిది నెలలు అడుగుతాయి, అవి కూడా వాళ్ళ దగ్గరున్న డిజైన్లే. ఎల్వీరా ఫొటో చూసి కుట్టి ఇస్తుంది. ఆవిడ పెట్టిన షరతు ఒకటే, కొలతలకి పిల్ల స్వయంగా రావాలి. అప్పట్లో నేను అక్క ఇంటికి వచ్చి సన్నీవేల్‌లోనే ఉన్నాను. కొలతల కోసం ఆరు గంటలు వెళ్ళి ఆరు గంటలు రావడమేమిటి, నేనేమైనా టేపు పట్టడం తెలియనిదాన్నా అని ఎల్వీరాతో ఫోన్లో గంటసేపు వాదించి, బతిమాలి ఒప్పించి, ఆవిడ పంపిన కాగితంలో నేను తీసిన కొలతలు రాసి పంపాను. కాబట్టి మేము వెళ్ళింది ఒక్క ట్రయల్‌కే. పెళ్ళి మూడు వారాల్లో ఉంది.

ముందురోజు డాలస్ నుంచి శాన్ హోసే విమానంలో వచ్చాను. మర్నాడు శనివారం, పొద్దున్న ఐదుంపావుకి ముగ్గురం కారెక్కాం. సాహితి డ్రైవింగ్, నేను పక్కన, అక్క వెనక సీట్లో పులిహోర డబ్బాతో. మీరు కూడా పొద్దున్నే బయల్దేరండి. ఆ వేళకి 101 హైవే ఖాళీగా ఉంటుంది, ఆరు గంటలకల్లా గిల్‌రాయ్ దాటేస్తారు. పెట్రోలు అక్కడే నింపుకోండి. ముందుకి వెళ్ళేకొద్దీ, ముఖ్యంగా ఐ-ఫైవ్ మీద కెటిల్‌మన్ సిటీ దగ్గర, గ్యాలనుకి డాలరు పైన ఎక్కువ గుంజుతారు. గిల్‌రాయ్ నుంచి 152 మీద కొండ దాటితే పెద్ద జలాశయం, పొద్దుటెండలో చూడముచ్చటగా ఉంటుంది. మేము చూడలేదు. అప్పటికే కారులో గొడవ మొదలైంది.

గిల్‌రాయ్‌లో కాఫీ కోసం ఆగినప్పుడు నేను సాహితికి ఒక బన్ను కూడా తీసుకున్నాను. అది చేతిలోకి తీసుకునేలోపే వెనక నుంచి అక్క, "ట్రయల్ అయ్యేదాకా ఏమీ తినకమ్మా. తింటే పొట్ట తెలుస్తుంది," అంది.

సాహితి బన్ను మళ్ళీ సంచిలో పెట్టేసింది. "ఐ'మ్ నాట్ హంగ్రీ పిన్నీ. నేను తర్వాత తింటా."

"అక్కా, అది ఆరు గంటలు డ్రైవ్ చెయ్యాలి. ఖాళీ కడుపుతో చేయిస్తావా?"

"నేనేమన్నానే ఇప్పుడు. ఒక్కపూట. రాజుల ఇంట్లో పిల్ల ఏది వేసుకున్నా చెల్లుతుంది, మనం వేసుకుంటే నవ్వుతారు. కాస్త చూడటానికి బాగుండాలని నాకుండదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లివి నువ్వే ఇలా అంటే బయటివాళ్ళని ఏమనాలి, ఆ గ్రూపులో వాగినవాళ్ళకీ నీకూ తేడా ఏమిటి, పిల్ల ఒక్క బట్ట ఇష్టపడి అడిగితే దానికీ ఉపవాసాలేనా అని కొండ ఎక్కేదాకా, దిగేదాకా దులిపేశాను. అక్క మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సాహితి రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా, "గైస్, ప్లీజ్," అని రెండుసార్లు అంది. నేను ఆపలేదు. దాని తరఫున మాట్లాడుతున్నానన్న ధీమా నాది.

ఐ-ఫైవ్ గురించి నిజం చెప్పాలంటే చూడటానికి ఏమీ లేదు. రెండు వరసల రోడ్డు, కుడి వరస నిండా లారీలు, ఎడమ వరసలో నిదానంగా పోయే ఒక పుణ్యాత్ముడు, అతని వెనక నలభై కార్లు. బాదం తోటలు అయ్యాక కోలింగా దగ్గర వేల పశువులుండే దొడ్లు వస్తాయి. రెండు మైళ్ళ ముందే అద్దాలు ఎక్కించి, ఏసీ లోపలి గాలికి మార్చుకోండి. కెటిల్‌మన్ సిటీలో ఎనిమిదుంపావుకి ఆగాం. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, క్యూ మాత్రం పదిహేను నిమిషాలు. అక్కడ అక్క, నేను చెరో మూల నిలబడి పులిహోర తిన్నాం. సాహితి నీళ్ళు తాగింది. గ్రేప్‌వైన్ అనే కొండదారి తొమ్మిదీ ముప్పావుకి ఎక్కాం. చలికాలంలో మంచు పడితే ఆ దారి మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. ఇంక ఆ కొండ దిగాక లాస్ ఏంజిలిస్ వాళ్ళు కారు నడిపే పద్ధతి గురించి నేను రాయడం మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

గౌన్లు, గుడ్డలు, లేసులు అమ్మే దుకాణాలన్నీ డౌన్‌టౌన్‌లో ఒకేచోట ఉంటాయి. పక్కపక్కనే వందల దుకాణాలు, తలుపుల బయట మెక్సికన్ ఇళ్ళలో ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజుకి వేసే గౌన్లు గులాబీ, నీలం రంగుల్లో ఉబ్బి వేలాడుతుంటాయి. రోడ్డు మీద పార్కింగ్ మీద ఆశ పెట్టుకోకండి. మేము ఎల్వీరా ఉండే భవనం వెనక డబ్బులిచ్చి పెట్టుకునే ఖాళీ స్థలంలో పెట్టాం. బోర్డు మీద పన్నెండు డాలర్లని ఉంది, కుర్చీలో కూర్చున్నాయన పద్దెనిమిది అన్నాడు.

"బోర్డు మీద పన్నెండుంది కదా," అన్నాను.

"అది వారం మధ్యలో," అన్నాడు పేపరు మీంచి తలెత్తకుండా. "శనివారం బోర్డుని కాదు, నన్ను చూసి ఇవ్వాలి."

సాహితి నా చెయ్యి పట్టుకుని అక్కడి నుంచి లాక్కుపోయింది. లేకపోతే ఆ పూట అక్కడే తేల్చుకునేదాన్ని.

ఎల్వీరా పనిచేసే చోటు ఒక పాత భవనం నాలుగో అంతస్తులో ఉంది. పొడవాటి గది, కిటికీల పక్కన మూడు మిషన్లు, రెండిటి మీద కుడుతున్న ఆడవాళ్ళు, మధ్యలో కత్తిరించే బల్ల. ఆవిడకి అరవై ఉంటాయి, మెడలో టేపు, మణికట్టుకి గుండుసూదుల దిండు. నన్ను చూడగానే, "ఫోన్లో మీరేనా?" అంది. అవునన్నాను. తల ఊపి సాహితిని తెర వెనక్కి తీసుకెళ్ళింది.

పది నిమిషాలైంది. తెర వెనక నుంచి మాటలేమీ వినబడలేదు. బట్ట ఎక్కడో పట్టలేదని నాకు అనుమానమొచ్చింది, కుట్టేవాళ్ళకి ఆ నిశ్శబ్దం తెలుస్తుంది.

ఎల్వీరా తెర తీసింది. గౌను అచ్చం ఫొటోలో ఉన్నట్టే కుట్టింది, కాలరు, జేబులు, భుజాల దగ్గర ఆ జారుడు, అన్నీ. కానీ చంక కింద జిప్పు నాలుగు వేళ్ళ ఎడంతో తెరుచుకునే ఉంది. ఛాతీ దగ్గర గుడ్డ లాగేసి అడ్డంగా ముడతలు పడ్డాయి, పిరుదుల దగ్గర ఇంకా బిగుతు. తిన్నగా జారాల్సిన గౌను పిల్ల ఒంటికి అతుక్కుపోయి, తను దేన్ని మరిచిపోవాలని ఈ గౌను ఎంచుకుందో అదంతా గీత గీసి చూపిస్తోంది. సాహితి అద్దంలో చూసుకుంటూ చెయ్యి జేబులో పెట్టడానికి ప్రయత్నించింది. వేళ్ళు పోయాయి, అరచెయ్యి పోలేదు. చెయ్యి తీసేసి పక్కన వేలాడేసింది.

నేను అక్క వైపు తిరిగాను. పొద్దుటి నుంచి నాలో రగులుతున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"మాకు తెలియకుండా నువ్వు ఈవిడకి ఫోన్ చేశావా?"

"చేశాను."

"ఎందుకు చేశావు?"

"నువ్వనుకుంటున్నదానికి కాదే. చున్నీకి. తల మీద ఏదో ఒకటి ఉండాలి కదా పెళ్ళికూతురన్నాక. అదే గుడ్డతో మూడున్నర గజాల చున్నీ చెయ్యమని చెప్పాను. దీనికి చెప్పలేదు, వద్దంటుందని."

"మామ్," అంది సాహితి, అద్దంలోంచే చూస్తూ.

"చున్నీ ఒక్కటేనా? కొలతలు కూడా తగ్గించమని చెప్పలేదూ? చెప్పే ఉంటావు. పొద్దున్న బన్ను నోట్లోంచి లాక్కున్నదానివి, ఇది చెయ్యవా?" అని మొదలుపెట్టి నేను ఆ గదిలో, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు, సొంత అక్కని ఎన్ని మాటలనాలో అన్నీ అన్నాను. మిషన్ల దగ్గరున్న ఇద్దరూ కుట్టడం ఆపేశారు. వాళ్ళకి తెలుగు రాకపోవచ్చు, తిట్లు అర్థమవడానికి భాష అక్కర్లేదు. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను కొలతల జోలికి పోలేదు సరళా, మన అమ్మ మీద ఒట్టు," అంది. నేను నమ్మలేదు.

ఎల్వీరా బీరువాలోంచి ఒక ఫైలు తీసి, అందులో కాగితం బల్ల మీద పరిచింది. నేను పంపిన కొలతల కాగితం. నా చేతిరాతే. ఛాతీ దగ్గర నలభై మూడు రాసి కొట్టేసి, పక్కన నలభై ఒకటి. తుంటి దగ్గర నలభై ఏడు కొట్టేసి నలభై ఐదు. కొట్టేసిన గీతలు కూడా నావే, నేను ఎప్పుడూ రెండు గీతలు గీస్తాను.

నేను వెంటనే జవాబు వెతుక్కున్నాను. నిజంగా జవాబు ఉంది కూడా. జాకెట్టు కొలత అలాగే తీస్తాం. టేపు కింద వేలు కూడా పట్టకూడదు, బిగించి లాగి, ఊపిరి బిగబట్టమని చెప్పి తీస్తాం. జాకెట్టు ఒంటికి అంటుకోవాలి, లేకపోతే భుజాల మీంచి జారిపోతుంది. లోపల రెండంగుళాల గుడ్డ మడిచి వదిలేస్తాం, ఎప్పుడైనా బిగుతయితే ఒక కుట్టు విప్పుకుంటే చాలు. అదంతా ఎల్వీరాకి చేతులు తిప్పుతూ చెప్పాను. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే చేసేసింది అన్నాను. పైగా ఎదురు గొంతు పెంచి, మీరు మాత్రం లోపల గుడ్డ ఎందుకు వదల్లేదు, ఇదేం కుట్టడం అని అడిగాను.

"నేను మనిషిని కొలిచి కుడతాను, అందుకే వదలను," అంది. "కాగితాన్ని నమ్మి కుట్టింది ఇదొక్కటే, మీరు అంతగా అడిగారని." ఆ తరవాత వేలు కాగితం కిందికి జరిపింది. "అలవాటు అంటున్నారు. మరి ఇది?"

కాగితం అడుగున, ఇంకేమైనా చెప్పాలంటే రాయమని ఇచ్చిన గడిలో, ఇంగ్లీషులో, నా గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. సాహితి పక్కకి వచ్చి వంగి చదివింది, పైకే చదివింది. "బ్రైడ్ విల్ రెడ్యూస్ బై వెడ్డింగ్."

పెళ్ళినాటికి అమ్మాయి తగ్గుతుంది. ఎప్పుడు రాశానో నాకు గుర్తే లేదు. కొలతలు రాసి, ఫొటో తీసి పంపేముందు, ఆలోచించకుండా రాసి ఉంటాను. ఆలోచించకుండా రాశాను కాబట్టే అది నా నిజమైన మాట.

"నువ్వు కూడానా పిన్నీ?" అంది సాహితి.

గట్టిగా కూడా అనలేదు. నాకు తలెత్తడం చేతకాలేదు. గ్రూపులో ఒక్కొక్కరికీ పేరు పేరునా రాసిన జవాబులు, కొండ మీద అక్కని దులిపిన దులుపుడు, ఐదు నిమిషాల కిందట ఇదే గదిలో అన్న మాటలు, ఒక్కొక్కటీ వెనక్కి వచ్చి నాకే తగిలాయి. అక్క ఏమైనా అంటుందేమోనని చూశాను. కళ్ళు తుడుచుకుంటోంది, అంతే. అనుంటే నాకు తేలికయ్యేది.

"తప్పు నాది తల్లీ," అన్నాను. "అమ్మది కాదు. పూర్తిగా నాది."

"ఇట్స్ ఓకే. త్రీ వీక్స్ ఉంది కదా," అంది సాహితి జిప్పు వైపు చూసుకుంటూ. "నేను తగ్గుతా. ఐ'ల్ జస్ట్ స్టాప్ ఈటింగ్ డిన్నర్."

ఆ మాటకి నాకు కోపమొచ్చింది, ఈసారి పూర్తిగా నామీదే. ఆ పిల్ల ఆ గౌను కోరుకున్నదే తగ్గుతానన్న మాట ఇంక అనక్కర్లేకుండా ఉండడానికి. దానితో మళ్ళీ ఆ మాట అనిపించింది నేను.

ఎల్వీరాకి మా తెలుగు అర్థం కాలేదు గానీ డిన్నర్ అన్న ముక్క అర్థమైంది. "మూడు వారాల్లో గౌను మార్చడం నా పని. నువ్వు మారక్కర్లేదు," అంది సాహితితో. కానీ గుడ్డ లేదు. ఆ నేతలో ఆ తెలుపు మళ్ళీ దొరకదు, ఆ గుడ్డ తాను అయిపోయింది. పక్కలకి నాలుగంగుళాల వెడల్పున పట్టీలు వెయ్యాలి, చేతుల కింద నుంచి అంచు దాకా. వేరే గుడ్డ వేస్తే సాయంత్రం వెలుతుర్లో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బల్ల మీద ముక్కలు పేర్చి చూసింది, ఏదీ కలవలేదు. అప్పుడు అక్క ముక్కు ఎగబీల్చుకుని, ఇంగ్లీషులో అడిగింది.

"ఆ చున్నీ కట్ చేశారా?"

ఎల్వీరా గబగబా పై అరలోంచి ఒక పెట్టె దించింది. మూడున్నర గజాల గుడ్డ, మడత విప్పకుండా, కత్తెర తగలకుండా ఉంది. సాహితి పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "మామ్, ఐ'మ్ స్టిల్ మ్యాడ్ అట్ యూ," అని తల్లిని పక్కనుంచి పట్టుకుంది. నాకు ఆ నవ్వులో వాటా లేదు, ఉండకూడదు కూడా.

వెంటనే కొలతలు తీస్తుందనుకున్నాం. ఎల్వీరా టేపు తీసి సాహితిని అడిగింది, "పొద్దున్న ఏం తిన్నావు?" ఏమీ తినలేదని తెలిసి టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. పెళ్ళిరోజు భోంచేస్తావు కదా, ఖాళీ కడుపు కొలతలు నాకు అక్కర్లేదు, కడుపునిండా తిని ఒంటిగంటన్నరకి రండి అని మమ్మల్ని బయటికి పంపేసింది.

వీధి చివర మొక్కజొన్న రొట్టెలో కూర మడిచి ఇచ్చే టాకో బండి ఒకటి ఉంది. శాకాహారులకి ఇక్కడ బీన్సూ చీజూ తప్ప ఏమీ దొరకదని చాలామంది రాస్తారు, అది తప్పు. నోపాలెస్ అని అడగండి. జెముడు మొక్క ఆకుల్లాంటివి ముళ్ళు తీసి, తరిగి, ఉల్లిపాయతో పెనం మీద వేయిస్తారు. కొంచెం పుల్లగా, కొంచెం బెండకాయలా జిగురుగా ఉంటుంది, పచ్చిమిరప పచ్చడితో మన నోటికి బాగా పడుతుంది. ఒక్కోటి మూడు డాలర్లు. మాంసం లేని పెనం మీద చెయ్యమని ముందే చెప్పాలి. బండిలో ఉన్నావిడకి సాహితి స్కూల్లో నేర్చుకున్న స్పానిష్‌లో చెప్పింది.

"ఎన్ని?" అందావిడ.

"ఒకటి," అంది సాహితి.

ఆవిడ సాహితిని చూసి, మమ్మల్ని చూసి, "పొద్దున్నే వచ్చినట్టున్నారు. రెండు చేస్తాను, మిగిలితే మీ అమ్మ తింటుంది," అంది. నేను డబ్బులు తీసిచ్చాను. ఎన్ని తినాలో చెప్పే అర్హత అప్పటికి నాకు లేదు.

అక్క సోడా కోసం పక్క దుకాణంలోకి వెళ్ళింది. సాహితీ నేనూ ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం. అది మెల్లగా తింటూ, నా వైపు చూడకుండా చెప్పింది. "నువ్వు టేప్ పెట్టినప్పుడు, ఊపిరి బిగబట్టు అన్నావ్. గుర్తుందా?"

"ఉంది."

"నేను ఆల్రెడీ బిగబట్టే ఉన్నా పిన్నీ. నువ్వు చెప్పేముందే. నేను ఎప్పుడూ అలాగే ఉంటా. ఫొటోస్‌లో, ఎలివేటర్‌లో, అమ్మమ్మ ఇంట్లో. ఆ స్పెయిన్ ఫొటోలో ఆమెని చూడు, షీ'జ్ నాట్ డూయింగ్ ఇట్. అందుకే నాకు ఆ డ్రెస్ కావాలి. స్టైల్ కోసం కాదు."

నేను అన్ని నెలలుగా ఆ గౌను తరఫున యుద్ధాలు చేశాను. అది ఎందుకు కావాలని పిల్లని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగానని చెప్పుకోవడానికైనా లేదు. "క్షమించమ్మా," అన్నాను. అది తల ఊపింది. క్షమించానని అనలేదు. రెండోది కూడా తిని, లేచి వెళ్ళి ఇంకొకటి తెచ్చుకుంది.

ఒంటిగంటన్నరకి మళ్ళీ పైకి వెళ్ళాం. ఎల్వీరా నా చేతికి కొత్త కాగితం, పెన్సిలు ఇచ్చింది. "నేను చెబుతాను, మీరు రాయండి," అంది. టేపుని ఆ గదిలో నేను ఎక్కడా ముట్టుకోకుండా ఆవిడ జాగ్రత్తపడిందని నాకు అర్థమైంది, కోపం రాలేదు. సాహితిని నిలబెట్టి టేపు చుట్టూ తిప్పి, రెండు వేళ్ళు టేపు కింద పెట్టింది. సాహితి భుజాలు పైకి లేచాయి, పొట్ట లోపలికి పోయింది. దానికి తెలియకుండానే చేస్తోంది, ఇప్పుడు నాకు కనబడింది.

"రెస్పీరా," అంది ఎల్వీరా.

"ఊపిరి తీసుకోమంటోంది," అంది సాహితి మాకు. భుజాలు దించలేదు.

ఎల్వీరా టేపు తియ్యకుండా అలాగే నిలబడింది. తొందరపెట్టలేదు. మిషన్లు ఆగి ఉన్నాయి. కాసేపటికి సాహితి పొడుగ్గా ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి, పొట్ట బయటికి వచ్చింది, టేపు ఎల్వీరా వేళ్ళ మధ్య నుంచి అంగుళం జారింది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నలభై నాలుగు," అంది ఎల్వీరా. రాశాను. "నలభై ఎనిమిదిన్నర." రాశాను. కూర్చోబెట్టి మళ్ళీ తీసింది, అవీ రాశాను. ఒక్క అంకె కొట్టెయ్యలేదు.

మూడింటికి బయటపడ్డాం. రెండో ట్రయల్‌కి సాహితి పది రోజుల తరవాత రావాలని ఎల్వీరా గట్టిగా చెప్పింది, నేను వాదించలేదు. ఒక్కరోజులో వెనక్కి వెళ్ళడం ఒంటికి మంచిది కాదు, మీరూ ఆ పని చెయ్యకండి. నగరం దాటి ఉత్తరాన, కొండ మొదలయ్యేముందు వలెన్సియా దగ్గర మోటళ్ళు నూట ముప్ఫై డాలర్లలోపు దొరుకుతాయి, అక్కడ ఆగిపోయాం. సాయంత్రం అక్క, సాహితి మిగిలిన పులిహోర తింటూ చున్నీ గురించి పోట్లాడుకున్నారు. నేను అక్కకి క్షమాపణ చెప్పాను. "నువ్వు తిట్టినవన్నీ ఎవరికి చెందుతాయో నీకు తెలిసింది కదా, చాల్లే," అంది. చాలలేదు గానీ ఊరుకున్నాను.

నేను కోపిష్టి మనిషినని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. నా కోపం న్యాయం కోసమని మాత్రం చాలా గట్టిగా నమ్మేదాన్ని. గోనెసంచి అన్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే, అది తగ్గదు. కానీ వాళ్ళు నోటితో అన్నదే నేను టేపుతో అన్నాను, అదీ ప్రేమ పేరు మీద, దాని పక్షాన నిలబడి. పిల్లలకి ఎదురుగా ఉన్నవాళ్ళ నుంచి కాచుకోవడం తెలుస్తుంది, పక్కన ఉన్నదాని నుంచి ఎలా కాచుకుంటారు? ప్లేనో వచ్చిన రోజే సాహితి ఉదయం పెళ్ళికి కుట్టిన జాకెట్టు బయటికి తీసి, లోపలి కుట్లు రెండు వరసలూ విప్పేశాను. పెళ్ళి సాయంత్రం తోటలో తీసిన ఫొటో ఇప్పుడు మా హాల్లో ఉంది. పక్కల పట్టీలు ఎక్కడున్నాయో కుట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు, చూసేవాళ్ళకి తెలియదు. సాహితి రెండు చేతులూ మణికట్ల దాకా జేబుల్లో ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చినా సరే, కొలతలు కుట్టేవాళ్ళనే తీయనివ్వండి, అమ్మాయికి ముందు భోజనం పెట్టి తీసుకెళ్ళండి. కాగితం నింపాల్సివస్తే అడుగున, ఇంకేమైనా చెప్పాలా అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలెయ్యండి.